"మీకెలా తెలుసు?" అని అడిగే చోటు

మా కంప్యూటర్ సెక్యూరిటీ టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి పోయిన వారం అడిగింది. "అక్కా, పేపర్లన్నీ నెట్‌లో ఫ్రీగా దొరుకుతున్నాయి, టాక్‌ల వీడియోలు కూడా పెట్టేస్తున్నారు. మరి వారం రోజులు పని పక్కన పెట్టి కాన్ఫరెన్స్‌కి వెళ్లడం దేనికి? అసలు వాళ్లు రాసేదానికీ, మనం రోజంతా లాగ్‌లు చూసుకుంటూ చేసే పనికీ సంబంధం ఏముంది?" మీటింగ్‌కి టైమైపోయి అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. రెండు ముక్కల్లో తేలే విషయం కూడా కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఏ కాన్ఫరెన్స్‌ల గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి. సెక్యూరిటీ కాన్ఫరెన్స్ అనగానే చాలామందికి బ్లాక్ హ్యాట్, డెఫ్ కాన్ గుర్తొస్తాయి. వాటి విలువ వాటిది, నాకు వాటి మీద ఏ చిన్నచూపూ లేదు. నేను చెప్పేది యూనివర్సిటీల వాళ్లు, రీసెర్చ్ ల్యాబ్‌ల వాళ్లు పేపర్లు పంపి, రివ్యూలు దాటుకుని వచ్చి మాట్లాడేవాటి గురించి. ఐట్రిపుల్‌ఈ సెక్యూరిటీ అండ్ ప్రైవసీ 1980 నుంచి జరుగుతోంది, ఊరు మారినా ఇప్పటికీ అందరూ పాత ఊరి పేరుతో ఓక్లాండ్ అనే పిలుస్తారు. దాంతోపాటు యూజ్‌నిక్స్ సెక్యూరిటీ, ఏసీఎం సీసీఎస్, ఎన్‌డీఎస్‌ఎస్. ఈ నాలుగింటి పక్కనే, ఇంటర్నెట్‌ను కొలవడమే పనిగా పెట్టుకున్న ఐఎంసీ ఒకటి. నాకు వీటి విలువ తెలిసింది ఎవరో చెబితే కాదు, నా పోస్టర్ ముందు ఒకావిడ నిలబడి అడిగిన ఒకే ఒక్క ప్రశ్నతో.

అది నా మొదటి కాన్ఫరెన్స్. పేపర్ లేదు, పోస్టర్ మాత్రమే, అంటే చేసిన పనిని ఒక పెద్ద షీటు మీద వేసి, దాని పక్కన నిలబడి వచ్చినవాళ్లకు వివరించడం. ఒక బాట్‌నెట్ మీద (నేరగాళ్లు వైరస్ ఎక్కించి దూరం నుంచి నడిపించే మెషీన్ల గుంపు) ఆరు నెలలు పనిచేశాం. వైరస్ పట్టిన మెషీన్లు తమ కంట్రోల్ సర్వర్‌ను వెతుక్కుంటూ వెళ్లే దారిని మా వైపు తిప్పుకుని (దీన్ని సింక్‌హోల్ అంటాం), రోజూ ఎన్ని వచ్చి మా తలుపు తడుతున్నాయో లెక్కపెట్టాం. పోస్టర్ నడిమధ్యలో పెద్ద గ్రాఫ్, అందులో ఒక నీలం గీత, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఆగకుండా పైకి పోతూ ఉంటుంది. ఆ గీతను చూసుకుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. వచ్చినవాళ్లందరికీ మొదట దాన్నే చూపించేదాన్ని, "చూడండి, ఎంత వేగంగా పెరుగుతోందో" అని.

ఆవిడ వచ్చి ఏమీ మాట్లాడకుండా చాలాసేపు చూసింది. నెరిసిన జుట్టు, మెడలో బ్యాడ్జ్ వెనక్కి తిరిగి ఉంది, పేరు కనపడలేదు. తర్వాత వేలు పెట్టి గీత మీద ఒకచోట ఆపింది. "ఇది మెషీన్ల సంఖ్యా, అడ్రసుల సంఖ్యా?" అడ్రసులదే అన్నాను, ఒక్కో ఐపీ అడ్రస్‌ను (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌కు ఇచ్చే నంబర్) ఒక్కో మెషీన్‌గా తీసుకున్నాం అన్నాను. "ఒకే మెషీన్ ఈరోజు ఒక అడ్రస్‌తో, రేపు ఇంకో అడ్రస్‌తో రాలేదని మీకెలా తెలుసు?"

నాకు తెలియదు. ఆరు నెలల్లో ఆ ప్రశ్న మాలో ఒక్కరికీ రాలేదు. ఇంట్లో మోడెమ్ ఆపి మళ్లీ వేస్తే చాలు, చాలా కనెక్షన్లకు కొత్త అడ్రస్ వస్తుంది. అదే ఒక ఆఫీసులోనైతే వంద మెషీన్లు ఒకే అడ్రస్ వెనక దాక్కుంటాయి. అంటే మా లెక్క రెండు వైపులా తప్పిపోవచ్చు, ఎటు ఎంత తప్పిందో చెప్పే దారి మా డేటాలో లేదు. ఆవిడ కోప్పడలేదు, ఎగతాళి చేయలేదు. టార్పిగ్ పేపర్‌లో సైజు గురించిన భాగం మళ్లీ చదవండి అని చెప్పి పక్క పోస్టర్‌కి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం హాల్ బయట ప్లగ్ పాయింట్ పక్కన నేలమీద కూర్చుని ఆ పేపర్ తెరిచాను. 2009లో సీసీఎస్‌లో వచ్చింది. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఆ ఏడాది మొదట్లో టార్పిగ్ అనే బాట్‌నెట్‌ను 10 రోజుల పాటు తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఆ బాట్‌నెట్ తన సర్వర్ పేరును ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోతుంది, రాబోయే పేర్లు ఏమిటో వీళ్లు ముందే లెక్కగట్టి, నేరగాళ్లకంటే ముందు ఆ డొమైన్లను రిజిస్టర్ చేసేసుకున్నారు. అసలు విషయం ఏమిటంటే, టార్పిగ్ పట్టిన ప్రతి మెషీన్ తన సొంత గుర్తింపు సంఖ్యను కూడా పంపుతుంది. అందుకని వాళ్లు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టగలిగారు. ఐపీ అడ్రసులు చూస్తే 12 లక్షల పైచిలుకు. నిజంగా ఉన్న మెషీన్లు సుమారు 1.8 లక్షలు. దాదాపు ఏడు రెట్ల తేడా!

నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫ్ తెరిచి మళ్లీ చూసుకున్నాను. గీత ఎందుకు ఆగకుండా పైకి పోతోందో అప్పుడు అర్థమైంది. పాత మెషీన్లే కొత్త అడ్రసులతో తిరిగి వస్తుంటే మేము ప్రతిసారీ కొత్తగా కూడుతున్నాం. పెరుగుతున్నది బాట్‌నెట్ కాదు, మా కూడిక. తిరిగొచ్చాక, మొదటి రోజు నుంచీ కలుపుకుంటూ పోవడం మానేసి ఏ గంటకు ఆ గంట ఎన్ని కనిపిస్తున్నాయో విడిగా లెక్కేశాం. మూడో వారం నుంచి గీత దాదాపు అడ్డంగా పడుకుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే మా టీమ్ అమ్మాయి ప్రశ్నకు నిజమైన జవాబు ఇందులోనే ఉంది. టార్పిగ్ పేపర్ నేను అంతకుముందే చదివాను. ఫ్రీగానే దొరికింది. బాట్‌నెట్‌ను ఎలా చేజిక్కించుకున్నారు, ఎన్ని పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి అన్న భాగాలు ఆత్రంగా చదివి, లెక్కల గురించిన పేజీలు దాటేశాను. పేపర్ దొరకడం వేరు, మన పనిలో ఏ కీలు ఊడిందో చూసి ఆ పేపర్లో ఏ పేజీ మనకు అవసరమో చెప్పే మనిషి దొరకడం వేరు. రెండోది డౌన్‌లోడ్‌కి రాదు.

మన రంగంలో ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎందుకంత అవసరమో రోజూ కనపడుతూనే ఉంది. ఇన్ని కోట్ల దాడులు, ఇంత నష్టం, ఇన్ని లక్షల మెషీన్లు అని పొద్దున్నే ఒక రిపోర్ట్ వస్తుంది. రాసినవాళ్లు సాధారణంగా ఆ దాడి నుంచి కాపాడే సరుకు అమ్మేవాళ్లే. ఎలా లెక్కపెట్టారు అని అడిగితే వివరం ఉండదు, డేటా చూపించరు. భయం మీద బతికే రంగంలో ఎవరి సంఖ్యలు వాళ్లవే అయిపోతాయి. ఎవరైనా సరే, ఎంత పెద్ద పేరున్నవాళ్లైనా సరే, మైక్ ముందుకు వచ్చిన ఒక విద్యార్థి "మీకెలా తెలుసు?" అంటే అందరి ముందూ జవాబు చెప్పుకోవాల్సిన చోటు ఒకటి ఉండాలి. నాకు తెలిసినంతలో ఈ కాన్ఫరెన్స్‌లే ఆ చోటు.

స్పామ్ సంగతే తీసుకోండి. స్పామ్ మీద ఎవరు క్లిక్ చేస్తారు, దానివల్ల ఎంత డబ్బొస్తుంది అని ఏళ్ల తరబడి ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. 2008లో సీసీఎస్‌కి వచ్చిన ఒక పేపర్ దాన్ని నేరుగా కొలిచింది. శాన్ డియేగో, బర్కిలీ పరిశోధకులు స్టార్మ్ అనే బాట్‌నెట్‌లోకి చొరబడి, అది ఎలాగూ పంపబోతున్న స్పామ్‌లో కొంత భాగంలోని లింకులను మార్చి, తాము కట్టిన ఉత్తుత్తి మందుల దుకాణం వైపు తిప్పారు. కార్డు వివరాలు అడిగే దశకు రాకముందే ఎర్రర్ చూపించి ఆపేశారు, ఎవరికీ నష్టం జరగకుండా. 26 రోజులు, దాదాపు 35 కోట్ల మెయిళ్లు. కొనడానికి సిద్ధపడ్డవాళ్లు 28 మంది. మొదటిసారి చదివినప్పుడు ఆ 28 దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కోటికి పైన మెయిళ్లు పంపితే ఒక్కరు! అలాగని స్పామర్లకు గిట్టుబాటు కాదని కాదు, బాట్‌నెట్ మొత్తం పంపేదానికి లెక్కగడితే ఆ కాస్తా కలిసి పెద్ద మొత్తమే అవుతుంది.

అక్కడితో ఆగి ఉంటే అది ఒక ఆసక్తికరమైన సంఖ్యగా మిగిలిపోయేది. ఆ బృందంలోని వాళ్లే మరికొందరితో కలిసి మూడేళ్ల తర్వాత, 2011లో ఓక్లాండ్‌కి ఇంకో ప్రశ్నతో వచ్చారు. స్పామర్ల వ్యాపారంలో ఏ ముడి విప్పితే మొత్తం కూలుతుంది? దాదాపు వంద కోట్ల స్పామ్ లింకులు సేకరించారు, వాటి వెనకున్న డొమైన్లు, సర్వర్లు ఎవరివో గుర్తించారు, అంతటితో ఊరుకోకుండా ఆ సైట్లలో నిజంగా సరుకులు కొన్నారు, డబ్బు ఏ బ్యాంకులోకి వెళ్తోందో చూడటానికి. డొమైన్లు వేలల్లో ఉన్నాయి, ఒకటి మూయిస్తే పది పుడతాయి. కానీ వాళ్లు గమనించిన స్పామ్ సరుకుల్లో 95 శాతానికి డబ్బులు తీసుకుంటున్నవి మూడే మూడు బ్యాంకులు. అప్పటిదాకా అందరూ మెయిల్ ఫిల్టర్ల దగ్గర, డొమైన్లు మూయించడం దగ్గర కుస్తీ పడుతున్నారు. 2012లో సీసీఎస్‌లో వచ్చిన తరువాతి పేపర్‌లో, బ్రాండ్ల యజమానులు కార్డు నెట్‌వర్కులకు ఫిర్యాదు చేసి ఆ వ్యాపారుల ఖాతాలు మూయించడం మొదలుపెట్టాక ఏమైందో రాశారు. ఖాతా పోతే మరో బ్యాంకును వెతుక్కోవడం అంత తేలిక కాదు, చాలా దుకాణాలు నిలదొక్కుకోలేకపోయాయి. ఒక ప్రశ్నను పట్టుకుని నాలుగేళ్లు, మూడు పేపర్లు, ప్రతిసారీ తోటి పరిశోధకుల ముందు నిలబడి లెక్క అప్పజెప్పుకుంటూ వచ్చిన ఫలితం అది.

ఇంకో ఉదాహరణ నాకు మరీ ఇష్టం, ఎందుకంటే అందులో కాన్ఫరెన్స్ తన పాత మాటను తనే తిరగదోడింది.

ఫోన్ వైఫైకి కలిసేటప్పుడు ఫోనూ రౌటరూ నాలుగు మెసేజ్‌లు ఇచ్చిపుచ్చుకుంటాయి, ఫోర్-వే హ్యాండ్‌షేక్ అంటారు. అది భద్రంగానే ఉందని 2005లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు సీసీఎస్‌లో గణితపరంగా నిరూపించారు. ఆ నిరూపణలో తప్పు లేదు, ఇప్పటికీ లేదు. పన్నెండేళ్లు గడిచాయి. బెల్జియంలోని ల్యూవెన్ యూనివర్సిటీలో మాథీ వాన్‌హోఫ్ అనే పరిశోధకుడు వేరే పేపర్ ఫైనల్ కాపీ సరిచూసుకుంటూ, ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌లో అంతకుముందు ఎన్నోసార్లు చదివిన భాగాన్నే మళ్లీ చూస్తున్నాడు. కీని (డేటాను ఇతరులు చదవకుండా దాచే రహస్య సంఖ్య) ఇన్‌స్టాల్ చేసే ఒక ఫంక్షన్ దగ్గర కన్ను ఆగింది. దీన్ని రెండుసార్లు పిలిస్తే ఏమవుతుంది?

ఏమవుతుందంటే, మూడో మెసేజ్ అందగానే ఫోన్ కీని ఇన్‌స్టాల్ చేసుకుంటుంది. ఆ మెసేజ్ దారిలో పోయి ఉంటుందేమోనని రౌటర్ దాన్ని మళ్లీ పంపొచ్చు, స్టాండర్డ్ దానికి ఒప్పుకుంటుంది. రెండోసారి రాగానే ఫోన్ అదే కీని మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, ప్యాకెట్లకు, అంటే పంపే డేటా ముక్కలకు, వేసే నంబర్ల వరసను మళ్లీ మొదటికి తెస్తుంది. ఒకే కీతో ఒకే నంబర్ రెండుసార్లు వాడకూడదన్నది ఇక్కడ ప్రాణం లాంటి నియమం, అదే తెగిపోయింది. మధ్యలో కూర్చున్నవాడు ఇక ప్యాకెట్లు విప్పడం మొదలుపెట్టొచ్చు. క్రాక్ అని పేరు పెట్టిన ఆ దాడి గురించి వాన్‌హోఫ్, ఫ్రాంక్ పీసెన్స్ రాసిన పేపర్ 2017లో వచ్చింది, అదే సీసీఎస్‌లో. అంతకు నెలల ముందే కంపెనీలకు తెలియజేశారు, అక్టోబర్ 16న లోకానికి చెప్పారు, ఆ నెలాఖరున మొదలైన కాన్ఫరెన్స్‌లో పేపర్ సమర్పించారు.

మరి 2005 నాటి నిరూపణ? దాన్ని క్రాక్ తప్పని చూపించలేదు. కీ రహస్యంగా ఉంటుందని వాళ్లు నిరూపించారు, అది రహస్యంగానే ఉంది. ఆ కీని ఎప్పుడు, ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేయాలన్నది వాళ్ల లెక్కలోకే రాలేదు. ఈ తేడాను చూపించడానికి ఏ మాట నిరూపించారో, ఎక్కడిదాకా నిరూపించారో వివరంగా రాసిపెట్టిన పాత పేపర్ ఉండాలి. అలా రాసిపెట్టకపోతే తప్పు దొరికినప్పుడు అది కోడ్‌లో ఉందా, ప్రోటోకాల్‌లో (మెషీన్లు మాట్లాడుకునే నియమాల్లో) ఉందా, మన నమ్మకంలో ఉందా అన్నది తేల్చుకోలేం.

తప్పులు ఎప్పుడూ ఆలస్యంగానే దొరుకుతాయా అంటే, కాదు, ఇక్కడే మనుషులు ఎదురెదురుగా కూర్చోవడం ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. బ్రౌజర్‌లో తాళం గుర్తు వెనక పనిచేసే టీఎల్‌ఎస్ ప్రోటోకాల్ పాత వెర్షన్లకు చాలా ఏళ్లు ఒకటే తంతు. ముందు స్టాండర్డ్ రాస్తారు, ప్రపంచమంతా వాడటం మొదలుపెడుతుంది, తర్వాత ఎవరో దాడి కనిపెడతారు, అందరూ ప్యాచ్‌ల (లోపాన్ని సరిచేసే కోడ్ మార్పుల) కోసం పరుగులు పెడతారు. 2011లో బీస్ట్, 2014లో పూడిల్, 2015లో ఫ్రీక్, లాగ్‌జామ్. ఆ రోజుల్లో ఈ పనిలో ఉన్నవాళ్లకు ఆ పేర్లు వింటే ఇప్పటికీ రాత్రి డ్యూటీలు గుర్తొస్తాయి. టీఎల్‌ఎస్ 1.3 విషయంలో పద్ధతి మార్చారు. స్టాండర్డ్ ఇంకా డ్రాఫ్ట్‌గా ఉండగానే, 2016 ఫిబ్రవరిలో ఎన్‌డీఎస్‌ఎస్‌తో పాటు ఒక ప్రత్యేక వర్క్‌షాప్ పెట్టి, ప్రోటోకాల్ రాస్తున్న ఇంజినీర్లనూ దాన్ని విరగ్గొట్టడంలో చెయ్యి తిరిగిన పరిశోధకులనూ ఒక గదిలో కూర్చోబెట్టారు. ఒక బృందం ప్రోటోకాల్‌లను గణితపరంగా పరీక్షించే టామరిన్ అనే టూల్‌తో డ్రాఫ్ట్‌ను పరిశీలించింది. క్లయింట్ (సర్వర్‌ను సంప్రదించే వైపు) ఎవరో మధ్యలో నిర్ధారించుకునే పద్ధతిని అప్పుడు ప్రతిపాదించిన రూపంలోనే చేరిస్తే, దాడి చేసేవాడు ఆ క్లయింట్‌గా నటించగలడని చూపించింది. దాన్ని దిద్దారు. ఆ పని అదే ఏడాది ఓక్లాండ్‌లో పేపర్‌గా వచ్చింది, స్టాండర్డ్ 2018 ఆగస్టులో వెలువడింది. ఆ లోపం ఎవరి సర్వర్ మీదకూ రాకముందే పోయింది. దాని గురించి వార్తల్లో ఎవరూ రాయలేదు, జరగని ప్రమాదం గురించి ఎవరు రాస్తారు? కానీ నాకు ఈ రంగంలో అన్నిటికంటే సంతోషం కలిగించే కథ అదే.

రివ్యూల గురించి ఒక మాట. ఈ పెద్ద కాన్ఫరెన్స్‌లకు వచ్చే పేపర్లలో ఐదింట నాలుగు దాకా తిరిగి వెళ్లిపోతుంటాయి. మా మొదటి పేపర్ రెండుసార్లు రిజెక్ట్ అయింది. ఒక రివ్యూ నాలుగు లైన్లు, రాసినవాళ్లు పేపర్ పూర్తిగా చదివారో లేదో కూడా అనుమానమే. ఇంకో రివ్యూ మూడు పేజీలు, ప్రతి టేబుల్ మీదా ప్రశ్న. ఆ మూడు పేజీలు రాసిన మనిషి ఎవరో నాకు ఎప్పటికీ తెలియదు, జీతం లేకుండా ఎక్కడో కూర్చుని మా పనికి తన రెండు రోజులు ఇచ్చి ఉంటారు. మా పేపర్‌లో ఈరోజు గట్టిగా నిలబడేది ఏదైనా ఉంటే అందులో సగం వాళ్లదే.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఈ వ్యవస్థ ఘోరంగా తప్పిన సందర్భం ఒకటి అందరికీ తెలుసు. మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు కావాలనే లోపాలున్న ప్యాచ్‌లను లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్‌కు పంపి, నిర్వాహకులు పట్టుకుంటారా లేదా అని చూశారు. నిర్వాహకులకు చెప్పలేదు, అడగలేదు. ఆ పేపర్ 2021 ఓక్లాండ్‌కి అంగీకారం కూడా పొందింది. ఆ ఏప్రిల్‌లో గొడవ బయటపడి, కెర్నెల్ వాళ్లు ఆ యూనివర్సిటీ ప్యాచ్‌లు తీసుకోవడం ఆపేసి, పాతవన్నీ మళ్లీ తిరగేసి చూసుకోవాల్సి వచ్చింది. చివరికి రచయితలే పేపర్ వెనక్కి తీసుకున్నారు. అన్ని కళ్లు చదివిన పేపర్‌లో "ఎలా తెలుసు?" అని అడిగారు గానీ, "ఎవరి మీద ప్రయోగం చేశారు, వాళ్ల అనుమతి తీసుకున్నారా?" అని గట్టిగా అడిగినవాళ్లు లేకపోయారు. తర్వాత ఆ కాన్ఫరెన్స్ నైతిక అంశాలు చూడటానికి విడిగా కమిటీ పెట్టుకుంది. ముందే ఉండాల్సింది. మనం కొలిచే ప్రతి అడ్రస్ వెనకా ఒక మనిషి ఉన్నాడన్న సంగతి మొదటి రోజే నేర్పాల్సిన పాఠం, సింక్‌హోల్ పెట్టే రోజుల్లో నాకూ ఎవరూ నేర్పలేదు.

ఇంకో బాధ, వెళ్లగలిగేవాళ్లే వెళ్తారు. ఖర్చు ఒకటి, వీసా ఒకటి. పేపర్ అంగీకరించినా వీసా రాక, తన పని గురించి తాను కాకుండా సహ రచయిత మాట్లాడుతుంటే స్క్రీన్ మీద చూస్తూ కూర్చున్న స్నేహితురాలు నాకుంది. టాక్ బాగానే జరిగింది. కానీ ఆ తర్వాత బయట వరండాలో ఆ సహ రచయిత చుట్టూ పదిమంది చేరి ఏం మాట్లాడారో తనకు వీడియోలో కనపడలేదు. యూజ్‌నిక్స్ 2008 నుంచీ పేపర్లన్నీ అందరికీ ఉచితంగా తెరిచింది, అది గొప్ప పని, దానివల్లే నాలాంటివాళ్లు ఇక్కడిదాకా వచ్చారు. వరండాను మాత్రం ఇంకా ఎవరూ తెరవలేకపోయారు. కొన్ని కాన్ఫరెన్స్‌లు ప్రతిసారీ ఒకే దేశంలో ఎందుకు జరగాలి అని అడిగేవాళ్లు పెరుగుతున్నారు, ఇంకా గట్టిగా అడగాలి.

ఇక మన రోజువారీ పనికి సంబంధం ఏమిటన్న దానికి వస్తే, మా టీమ్ అమ్మాయికి మిరాయ్ బాట్‌నెట్ పేపర్ ఇచ్చాను, 2017 యూజ్‌నిక్స్ సెక్యూరిటీది. ఇళ్లల్లో కెమెరాలు, రౌటర్లు, డీవీఆర్‌లు ఆరు లక్షల దాకా ఎలా ఆ సైన్యంలో చేరాయో అందులో ఉంది. మిరాయ్ కొత్త బాధితుల కోసం వెతికేటప్పుడు పంపే ప్యాకెట్‌లో, టీసీపీ సీక్వెన్స్ నంబర్ (డేటా వరస తప్పకుండా చూసుకోవడానికి వాడే సంఖ్య) ఉండాల్సినచోట తాను వెళ్తున్న అడ్రస్‌నే పెడుతుంది. ఆ ఒక్క గుర్తుతో దాన్ని మిగతా చెత్త ట్రాఫిక్ నుంచి వేరుచేయొచ్చు. మన లాగ్‌లలో వెతికి చూడమన్నాను. మధ్యాహ్నానికల్లా రెండు లైన్ల ఫిల్టర్ రాసి, దొరికినవాటి లిస్ట్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

ఈసారి కాన్ఫరెన్స్‌కి టీమ్ నుంచి ఒక్కరినే పంపగలమన్నారు. తన పేరు ఇచ్చాను. పోస్టర్ పని మొదలుపెట్టింది, నిన్న మొదటి డ్రాఫ్ట్ చూపించింది, మధ్యలో పెద్ద గ్రాఫ్ ఉంది. ప్రింట్‌కి పంపేలోపు ఆ గీత అడ్రసులదో మెషీన్లదో కింద స్పష్టంగా రాయమని చెప్పాను.